ఆరో సిస్టంలో ఇల్లు

...అరిగినవి మాత్రం నాలుగే. డబ్ల్యు, ఎ, ఎస్, డి. కాల్పుల ఆటల్లో మనిషిని పరిగెత్తించే మీటలు. మిగతా అక్షరాలన్నీ కొన్ననాటి లాగే ఉన్నాయి. ఈ నాలుగూ జిడ్డుపట్టి ఉంటాయి, తుడిస్తే కింద అక్షరమే లేకుండా బోడిగా తేలతాయి. స్పిరిట్‌లో తడిపిన పాత బనీను ముక్కతో ఐదు కీబోర్డులూ తుడిచి ఆరోదాని దగ్గరకు వస్తే అక్కడ తుడవడానికి దుమ్ము తప్ప ఏమీ ఉండదు. ఆరో సిస్టంలో మనిషి జాడంతా మౌస్ మీదే. మౌస్ బోర్లించి, కింది మూత తిప్పి, బంతి బయటికి తీసి, లోపలి చక్రాలకు చుట్టుకున్న మురికిని పిన్నీసుతో గీకితే సన్నటి నల్లటి పట్టీలా ఊడి వస్తుంది. అది నా చేతి మురికి. నాలుగేళ్ల మధ్యాహ్నాలు. గీకిన ప్రతిసారీ ఏదో రుజువు పారేస్తున్నట్టు అనిపించేది. దేనికి రుజువు, ఎవరికి చూపించాలి అని ఆ శుక్రవారం దాకా నేను ఆలోచించలేదు.

జగ్గయ్యపేట బస్టాండు ఎదురు సందులో మా కంప్యూటర్ సెంటరు. ముందు గది సెంటరు, వెనక రెండు గదులు ఇల్లు, మధ్యలో ఒక కర్టెన్. కుక్కరు మూడు కూతలు కూసేలోపు కర్టెన్ దాటి వెళ్లి ఒక బ్యాచ్‌కి పాఠం చెప్పి వచ్చిన రోజులున్నాయి. తొంభైతొమ్మిదిలో పెట్టినప్పుడు బోర్డు మీద మా ఆయన పేరు రాయించారు, ప్రొప్రయిటర్ ఎం. వరప్రసాదరావు అని. నందిగామలో కంప్యూటర్స్ డిగ్రీ చదివింది నేను. ఆయనకు ఆ పెట్టెలు విప్పడం, బిగించడం వచ్చు. వాటితో ఏం చెయ్యాలో పిల్లలకు చెప్పేది నేను. "మేడం గారికి జీతం ఎంతిస్తారండీ?" అని ఒకసారి సిమెంటు ఫ్యాక్టరీ గుమాస్తా సరదాగా అడిగితే ఆయన అంతకంటే సరదాగా, "మేడం మా ఇంట్లో మనిషండీ. ఇంట్లో మనిషికి జీతమేంటి, అన్నం పెడతాం" అన్నారు. ఇద్దరూ నవ్వారు. నేనూ నవ్వాను. నా నవ్వు కొంచెం ఆలస్యంగా మొదలై కొంచెం ముందే ఆగిపోయింది. అది నాకొక్కదానికే వినిపించింది.

సిస్టంలన్నీ ఆయన కుర్చీలోంచి కనిపించేలా అమర్చారు. "ఎవరేం చూస్తున్నారో మనకి తెలియాలిగా" అనేవారు. ఆరోదానికి మాత్రం స్తంభం అడ్డం. కాస్త ముందుకు వంగితే తప్ప కనపడదు. ఆయన వంగేవారు. మధ్యాహ్నం జనం లేని వేళ నేను అక్కడ కూర్చుంటే, వెనక కుర్చీ కిర్రుమన్న చప్పుడును బట్టి ఆయన వంగారని నాకు తెలిసేది.

ఆ ఆట రెండువేల ఒకటిలో వచ్చింది. హైదరాబాదు నుంచి ఆయన తెచ్చిన సీడీల కట్టలో ఉంది. ఆయనే ఎక్కించారు. అందులో తుపాకీ లేదు, కారు లేదు, పరిగెత్తే గడియారం లేదు. సముద్రం పక్కన ఒక పెద్ద ఇల్లు. ఆ ఇంట్లో పనిచేసే ఒకావిడ కనపడకుండా పోయింది. ఆమె స్థానంలో కొత్తగా వచ్చిన మనిషివి నువ్వు. గదులు తిరగాలి, సొరుగులు తెరవాలి, కత్తెర దొరికితే సంచిలో వేసుకోవాలి, తాడు దొరికితే వేసుకోవాలి, ఏది దేనికి పనికొస్తుందో నువ్వే తేల్చుకోవాలి. ఎంతసేపు కూర్చుని ఆలోచించినా ఆ ఇల్లు విసుక్కోదు. బొమ్మ కింద ఒక ప్రశ్న మాత్రం మెల్లగా మెరుస్తుంటుంది. ఇప్పుడేం చేస్తావు? పెళ్లయిన ఐదేళ్లలో ఆ ప్రశ్న నన్నెవరూ అడగలేదు. ఇంకా కాలేదా అని అడిగారు. ఏం చేశావని అడిగారు. పిల్లల సంగతేంటని అడిగారు. ఏం చేస్తావు అని అడిగింది ఆ ఇల్లొక్కటే.

మొదట్లో అలాంటి ఆటలకూ మనుషులుండేవాళ్లు. ఒక బ్యాంకు క్లర్కు, హోమియో డాక్టరు భవానీప్రసాద్ గారు, జూనియర్ కాలేజీలో తెలుగు చెప్పే ప్రసూనాంబ గారు. ప్రసూనాంబగారికి యాభై దాటాయి. కళ్లజోడు ముక్కు చివరికి జారుతుంటే, "ఈ సొరుగు నిన్న లేదే జయమణీ, మనమే చూళ్లేదంటావా?" అనేవారు. ఇంగ్లీషు మాటలకు నేను అర్థం చెబితే ఆమె ఆ అర్థానికి అర్థం చెప్పేవారు. తర్వాత నలుగురైదుగురు కలిసి ఒకళ్లనొకళ్లు కాల్చుకునే ఆట వచ్చింది. పేర్లు పెట్టి పిలుచుకుంటూ, బూతులు తిట్టుకుంటూ, చచ్చి మళ్లీ లేస్తూ కుర్రాళ్లు గంటలకు గంటలు నింపేశారు. బ్యాంకాయన బదిలీ అయ్యాడు. డాక్టరుగారు రావడం మానేశారు. ప్రసూనాంబగారిని నందిగామ కాలేజీకి వేశారు. ఆ ఇంట్లో నేనొక్కదాన్నే మిగిలాను.

మొన్న ఫిబ్రవరిలో కంప్యూటర్ పత్రికలో ఒక వ్యాసం వచ్చింది. ఆ రకం ఆటలు ఎక్కడా అమ్ముడుపోవడం లేదట. కూర్చుని ఆలోచించే ఆటకు ఇక గిరాకీ లేదట. నా ఇంటిని తయారుచేసిన కంపెనీ ఆ విభాగాన్నే ఎత్తేసి, సగంలో ఉన్న రెండో భాగాన్ని ఆపేసిందట. కనపడకుండా పోయిన ఆవిడ ఏమైందో రెండో భాగంలో చెబుతామన్నారు. ఇక ఎవరూ చెప్పరు. ఎవరితోనైనా చెప్పుకోవాలని కాబోలు, ఆ వ్యాసం ఆయనకు చదివి వినిపించాను.

"నేను చెప్తే వినలా. పుస్తకంలో పడేసరికి నమ్ముతున్నావా?" అన్నారు. "చంపడాల్లేని ఆట ఎవడాడతాడు జయా? నువ్వొక్కదానివి ఆడితే సరిపోద్దా? ఆ సిస్టం కూడా కలిపేస్తే ఆరుగురవుతారు. మూడూ మూడూ. సమానంగా చంపుకుంటారు."

అప్పుడు నా నోట్లోంచి ఒక మాట వచ్చింది. ఎక్కడినుంచి వచ్చిందో నాకే తెలియదు. "సరే, కలిపెయ్యండి. నేను నందిగామలో సిస్టర్స్ వాళ్ల స్కూల్లో చేరతా. కంప్యూటర్ టీచర్ కావాలంట. అక్కడే ఉండి ఆదివారాలొస్తా."

ఆయన అరవలేదు. అరుస్తారనుకుని భుజాలు బిగించుకుని నిలబడ్డాను. ఆయన నన్ను చూసి, "ఆలోచిద్దాం" అన్నారు. ఆ రోజునుంచీ ఆయన నాతో మెత్తగా మాట్లాడటం మొదలుపెట్టారు. పడుకోబోయేముందు మంచినీళ్లు తెచ్చి ఇచ్చేవారు. నేను తాగేదాకా నిలబడి చూసేవారు.

నా నోటుపుస్తకం గురించి చెప్పాలి. రెండొందల పేజీల లాంగ్ నోట్స్, నిండిపోయింది. అందులో ఆ ఇంటి గదుల పటం, కష్టమైన మాటలకు అర్థాలు, ఎక్కడ ఏం చేశానో, ఇంకా ఏం చెయ్యాలో రాసుకున్నాను. నేను ఆగిపోయింది పై అంతస్తులో ఒక తలుపు దగ్గర. దాని ముందు కుర్చీ వేసుకుని ఒక ముసలామె కుట్టుపని చేసుకుంటుంది. నడుముకు తాళాలగుత్తి. దగ్గరికి వెళితే తలెత్తి, "నువ్వు ఈ ఇంటిదానివేనా?" అని అడుగుతుంది. కింద మూడు జవాబులు. అవును. క్షమించండి, వెళ్తున్నాను. కాదు. రెండోది నొక్కితే మళ్లీ మొదటి గదిలో తేలతాం. మొదటిది నొక్కితే ఆమె నవ్వి, "ఈ ఇంటిదానివైతే తాళంచెవి నీ దగ్గరే ఉండాలే" అని మళ్లీ కుట్టుకుంటుంది. ఆ తాళంచెవి కోసం రెండేళ్లు వెతికాను. సంచిలో ఇరవైమూడు వస్తువులుంటే ఇరవైమూడూ ఆ తలుపు మీద ప్రయత్నించి టిక్కులు పెట్టాను. ముసలామె నిద్రపోతుందేమోనని మధ్యాహ్నాలకు మధ్యాహ్నాలు కాపు కాశాను. మూడో జవాబు మాత్రం ఎన్నడూ నొక్కలేదు. కాదంటే గెంటేస్తారు. ఆటే కదా, గెంటితే మళ్లీ రావచ్చు కదా, తెలుసు. అయినా బాణం ఆ మాట మీదికి వెళితే నా వేలు చల్లబడేది. గుమ్మం తొక్కి లోపలికి వచ్చాక, ఇంత అన్నం తిన్నాక, నేను ఈ ఇంటిదాన్ని కాదని ఎవరైనా ఎలా అంటారు?

బదిలీ మీద వెళ్లేముందు ప్రసూనాంబగారు ఉడికించారు. "నేను ఆ తలుపు దాటా. ఎట్లా దాటానో చెప్పను. సంచిలో వాటితో మాత్రం కాదు. నువ్వు దాటిన రోజు నందిగామ రా. కాలేజీ వెనక సందు, నీలం గేటు. కాఫీ ఇస్తా."

ఆ శుక్రవారం కీబోర్డులు తుడవడం అయ్యాక చేతులు కడుక్కుందామని లోపలికి వెళ్లబోయి కర్టెన్ దగ్గర ఆగాను. మా అత్తగారు లూర్దమ్మ గొంతు. బైబిలు వాక్యం చదివేటప్పటిలా అక్షరం అక్షరం కూడబలుక్కుంటోంది.

"'ముసలామె నిద్రపోయినప్పుడు నడుముకున్న తాళాలు తీసుకోవాలి.' ఏందిరా ఇది? ముసలామె ఎవరు? ఈ కొంపలో నేను కాక ఇంకో ముసల్ది ఉందా?"

"చదువమ్మా." మా ఆయన గొంతు.

"'కత్తెర గుడ్డలో చుట్టి ఉంచాను. దాని సమయం ఇంకా రాలేదు.' నాయనో! నా కత్తెరేదే అని మొన్న అడిగితే, ఏమో అత్తమ్మా అంది గదరా!"

"ఊఁ. చదువు."

"'బావిలో దూకితే చావు లేదు. మళ్లీ మొదటి గదిలోనే లేస్తాం. ఇంతకుముందున్న ఆవిడ కూడా ఇట్లాగే పోయి ఉంటుంది.'" అత్తగారు గొంతు తగ్గించింది. "ఇంతకుముందున్న ఆవిడ ఎవర్రా? నీకు ఇదే గదా మొదటి పెళ్లి? ప్రసాదూ, ఇవి దాని మాటలు కాదురా. దాని లోపల ఇంకెవరో కూర్చుని రాయిస్తన్నారు."

నాకు నవ్వొచ్చింది. అదే నేను చేసిన పొరపాటు. నవ్వుతూనే కర్టెన్ జరిపి, "అయ్యో, అది ఆట అత్తమ్మా! ఆరో సిస్టంలో ఆట. ఈయన్నడగండి" అన్నాను.

అత్తగారు పుస్తకాన్ని గుండెకు అడ్డం పెట్టుకుంది. ఆయన నా వైపు చూశారు. అదే మెత్తటి చూపు.

"ఆటే. ఎవరు కాదన్నారు? నువ్వు కంగారుపడకు జయా."

"నేను కంగారుపడట్లా. రండి, చూపిస్తా."

వెళ్లి ఆరో సిస్టం ఆన్ చేశాను. వాళ్లిద్దరూ నా వెనక నిలబడ్డారు. తెర వెలిగింది. నీలం రంగు, దాని మధ్య తుపాకీ పట్టుకున్న సైనికుడి బొమ్మ ఒకటి. సముద్రం లేదు, ఇల్లు లేదు. అక్కడా ఇక్కడా నొక్కాను. చిన్నపిల్లలు తప్పిపోయినప్పుడు మంచం కింద కూడా వెతుకుతారే, అలా వెతికాను.

"పొద్దున నువ్వు చర్చికెళ్లినప్పుడు ఫార్మాట్ కొట్టా" అన్నారాయన. "చెప్పాగా, ఆరూ కలిపేస్తానని."

"సీడీ?"

"గీతలు పడ్డవన్నీ పారేశా. ఏ సీడీ?"

"ఏ సీడీ ఏంటి? మీరే తెచ్చారు. మీరే ఎక్కించారు. మీరు ఆ కుర్చీలోంచి వంగి..." నా గొంతు పైకి వెళ్లింది. వెళ్లడం నాకే వినపడింది. అత్తగారు శిలువ గుర్తు వేసుకుంది. అప్పుడర్థమైంది. అత్తగారు నిజంగా భయపడుతోంది. ఆయన భయపడటం లేదు. ఆయనకు తెలుసు. ఆ కత్తెర ఎక్కడిదో, ఆ ముసలామె ఎవరో, ఆ బావి ఏ గది వెనక ఉందో ఆయనకు నాకు తెలిసినంతా తెలుసు. నాలుగేళ్లు నా భుజం మీదినుంచి చూశారు. తెలిసే, చదువమ్మా అన్నారు.

ఆ తర్వాత వారం రోజులు నేను గమనించినదేమిటంటే, మనిషికి పిచ్చి అని ఒకసారి అనుకున్నాక ఆమె చేసేవన్నీ దానికి సాక్ష్యాలవుతాయి. గిన్నె మూత చేతిలోంచి జారితే తల్లీకొడుకులు ఒకరి మొహం ఒకరు చూసుకునేవారు. మాట్లాడితే ఎక్కువ మాట్లాడుతోంది. ఊరుకుంటే లోపలేదో పెట్టుకుంది. మా దగ్గరే నేర్చుకున్న కృపావతిని నా బ్యాచ్‌కి పెట్టి, "మేడంకి ఒంట్లో బాలేదు" అని చెప్పారు. పిల్లలు నన్ను చూసి లేచి నిలబడటం మానేశారు, కొంచెం పక్కకు జరగడం నేర్చుకున్నారు. ఆ ఆటేమిటో ఎవరికైనా చూపిద్దామంటే ఈ ఊళ్లో అది ఇంకెక్కడా లేదు. ఏ కొట్లోనూ దొరకదు, తయారుచేసినవాళ్లే వదిలేశారు. అందరూ ఆడే ఆటైతే చంపడం గురించి పుస్తకం నిండా రాసినా ఎవరూ ఏమీ అనుకునేవారు కాదు. ఎవరూ ఆడని ఆట గురించి రాశాను. అందుకని ఇది పిచ్చి. ఒక్కోసారి, మంచం మీద పడుకుని కళ్లు మూసుకుంటే, ఆ ఇల్లు నిజంగా ఉందా, నేనే కట్టుకున్నానా అని నాకే అనుమానం వచ్చేది. ఆ అనుమానం వచ్చినప్పుడే నాకు అసలైన భయం వేసింది.

గురువారం సాయంత్రం అత్తగారు చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ చెప్పింది. కంచికచర్ల అవతల ఏటి ఒడ్డున ప్రార్థన మందిరం ఉంది. శుక్రవారం ఉపవాస ప్రార్థన. "పున్నమ్మ కూతుర్ని అక్కడే ఉంచారమ్మాయ్. ఆర్నెల్లు. మొదట్లో కిటికీ ఊచకి కట్టేయాల్సొచ్చిందంట. ఇప్పుడు చూడాలి నువ్వు. బంగారం. పెట్టింది తింటది, చెప్పింది చేస్తది. మాటే లేదు."

"నాకేం కాలేదు అత్తమ్మా."

"ఆ పిల్లా అట్లాగే అందంట" అని, పుచ్చిన చిక్కుడుకాయ ఒకటి తీసి పక్కన పడేసింది.

ఆయన నా సంచి సర్దారు. పెళ్లయ్యాక మొదటిసారి. రెండు చీరలు, తువ్వాలు, బైబిలు. ఎన్నాళ్లకని అడిగాను. "బాగయ్యేదాకా" అన్నారు. "అప్పటిదాకా ఆ స్కూలు గోల పెట్టుకోకు. సిస్టర్‌కి నేను ఫోన్ చేసి చెప్పేశాలే, నీకు బాలేదని."

శుక్రవారం ఉదయం ఎనిమిదింటికి, నందిగామ మీదుగా కంచికచర్ల పోయే విజయవాడ బస్సెక్కాం. ముందు సీట్లు ఆడవాళ్లవి, వెనకవి మగవాళ్లవి. అత్తగారు నన్ను కిటికీ వైపు కూర్చోబెట్టి తాను బయటివైపు కూర్చుంది. నా చేతిలో ఇరవై రూపాయల నోటు పెట్టి, "మందిరంలో కానుక వెయ్యి. నీ చేత్తో వేస్తే మంచిది" అంది. ఆయన వెనకెక్కడో కూర్చున్నారు. చూడక్కర్లేదు. మెడ వెనక తెలుస్తూనే ఉంది.

బస్సు చిల్లకల్లు దగ్గర హైవే ఎక్కింది. కిటికీలోంచి ఎండుతున్న మిరప కల్లాలు ఎర్రగా వెనక్కి పోతున్నాయి, వాటి ఘాటుకు బస్సులో ఇద్దరు ముగ్గురు తుమ్మారు. నేను కళ్లు మూసుకుని ఆ ఇంట్లోకి వెళ్లడానికి ప్రయత్నించాను. మొదటి గది. మెట్లు. పై అంతస్తు. ఉంది. తెర మీదినుంచి చెరిపేసినా ఉంది, ఏ సొరుగు ఎక్కడుందో అక్కడే ఉంది. ముసలామె తలెత్తింది. సంచిలో వస్తువులన్నీ అయిపోయాయి. ఇక నా దగ్గర మిగిలింది ఏమిటి?

ఇటు బస్సుల్లో ఒక పద్ధతుంది. వెనక కూర్చున్న మగాడు తన ఆడవాళ్లకు కూడా కలిపి టిక్కెట్టు తీసుకుంటాడు. ముందు ఇద్దరున్నారని కండక్టరుకు చెబుతాడు. కండక్టరు ముందుకు వచ్చి కేకేస్తాడు. ఆ ఆడవాళ్లు చెయ్యెత్తాలి. అంతే, ఎవరు ఎవరి తాలూకో లెక్క సరిపోతుంది. తొమ్మిదేళ్లుగా నేను ఆ కేకకు చెయ్యెత్తుతున్నాను. చెయ్యి దానంతటదే లేస్తుంది.

"ముందు ఇద్దరు లేడీస్! వెనక కళ్లజోడాయన తీశాడు. ఎవరమ్మా ఆయన తాలూకు?"

అత్తగారు చెయ్యెత్తింది.

"ఒకరు. రెండో ఆవిడ?"

"ఇదిగో, ఈ పిల్లే" అని అత్తగారు నా మోచేతిని పొడిచింది. "ఎత్తవే చెయ్యి."

వెనక్కి తిరిగి చూశాను. తలల మధ్యనుంచి ఆయన కాస్త ముందుకు వంగి చూస్తున్నారు, స్తంభం పక్కనుంచి చూసినట్టే. నేను ఏం చేస్తానో ఆయనకు తెలుసు. నేను ఎప్పుడూ ఏ జవాబు నొక్కుతానో నాలుగేళ్లు చూశారు.

కండక్టరు మా సీటు పక్కకు వచ్చి నిలబడ్డాడు. చెవి మీద పెన్సిలు, మొహంలో ఉదయపు విసుగు. "పలకరేంటమ్మా? మీరు ఆయన తాలూకేనా?"

మూడు జవాబులు. అవును అంటే తాళంచెవి నా దగ్గరే ఉండాలి. క్షమించండి అంటే మళ్లీ మొదటి గది. బాణం మెల్లగా కిందికి జరిగింది. నా వేలు చల్లబడింది. ఆగలేదు.

అత్తగారి ఒడి మీదుగా చెయ్యి చాపి, కానుక నోటు కండక్టరుకు ఇచ్చాను.

"కాదండి. నందిగామ ఒకటి."